టీచరమ్మకు నేను పెట్టని తొక్కు ముక్క

నా పేరు ఎస్తేరమ్మ. ఆధార్ కార్డుల డెబ్బై ఒకటి అని ఉన్నది, నా లెక్కల ఇంకో నాలుగు ఎక్కువనే. ఉండేది నాచారంల, రైలు పట్టాలకు ఇవతలి బస్తిల, రెండు అర్రల ఇల్లు. ఇంట్ల నేను, నా కొడుకు, కోడలు సునీత, మనుమరాలు. నా పెనిమిటి పోయి చాన ఏండ్లయింది. నాకు సదువు రాదు. నేను చెప్తుంటే సునీత రాస్తున్నది. ఆమె ఉప్పల్‌ల మందుల దుకాణంల బిల్లులు కొడ్తది, చేతిరాత మంచిగుంటది. నేను అన్నది అన్నట్టే రాయాలె, సక్కదిద్దొద్దని ముందే మాట తీసుకున్న.

మన బడి బయాలజీ టీచరమ్మ పోయింది. ఆ కబురు నాకు నల్లా కాడ తెలిసింది. మంగళవారం పొద్దుగాల, బిందె సగం నిండింది. సునీత ఫోను చెవి కాడ పెట్టుకోని బయటికి వచ్చి "అత్తమ్మా, నల్లా బంద్ చెయ్యి" అన్నది. మా బస్తిల నల్లా రోజు తప్పి రోజు వస్తది. వచ్చే నీళ్లను బంద్ చెయ్యమన్నదంటే ఏదో కానిది అయిందని నాకు అప్పుడే సమజైంది. ఎవరని అడగలే. ఐదు రోజుల సంది దవాఖానల ఉన్నది ఆమె ఒక్కతే.

మీరు, ఆమె కాడ సదువుకున్నోళ్లు, ఆమె యాదిల పుస్తకం వేస్తున్నరట. అందరినీ తలా ఒక ముచ్చట రాసి పంపుమన్నరట. నాకు ఎవ్వరు చెప్పలే. ఎందుకు చెప్పలేదో నాకు ఎరికే. మీ ఫోన్లల ఒక మాట తిరుగుతున్నది. ఆయమ్మ మామిడికాయ తొక్కు తినబెట్టి టీచరమ్మ పానం తీసింది అని. ఇరవై ఆరేండ్లు మీ బడి ఊడ్చినదాన్ని, మీ ముక్కులు తుడిచినదాన్ని, ఆ ఆయమ్మను నేనే. నా మీద వచ్చిన మాటకు నా జవాబు మీ పుస్తకంలనే ఉండాలె. కానీ ముందుగాల ఆమె ముచ్చట చెప్త. నా పంచాయితి ఎనుక.

ఆమె తండ్రిది కృష్ణా దిక్కు. తార్నాక దిక్కు సర్కారు ల్యాబుల కొలువు దొరికి ఇక్కడికి వచ్చిండట. బిడ్డ ఇక్కడనే పెరిగింది గని, మాట మాత్రం ఆ దిక్కు మాటనే. పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదని నేను అడిగితే "నువ్వు చేసుకున్నావు కదా, ఎలా ఉంది?" అన్నది. మా ఆయన తాగుడు రోజులు అవి. మళ్ల ఎన్నడు అడగలే.

ఆమె బడికి కొత్తగ వచ్చినప్పుడు నన్ను పిలిచి, "రేపు నాలుగు బంగాళదుంపలు తీసుకురా, తొమ్మిదో తరగతికి చూపించాలి" అన్నది. ఆలుగడ్డలు పిల్లలకు చూపించుడేంది, తినబెడ్తదేమో అనుకున్న. నాలుగింటిని మంచిగ ఉడకబెట్టి, పొట్టు తీసి, ఉప్పు కారం చల్లి డబ్బల పెట్టి తెచ్చిన. మూత తీసి చూసి ఆమె నవ్వలే, కోపానికి రాలే. "ఇంకో రెండు పచ్చివి దొరుకుతాయా?" అన్నది. గేటు ముంగట బండి మీదికెంచి తెచ్చి ఇచ్చిన. ఉడికిన గడ్డను కడిగింది. పచ్చిదానికి గుంత తీసింది, ఉడికినదానికి గుంత తీసింది. రెండు గుంతలల్ల చక్కెర నీళ్లు పోసి, రెండింటిని మంచినీళ్ల గిన్నెలల్ల పెట్టింది. పగటి బువ్వ గంట కొట్టేటాళ్లకు పచ్చి గడ్డ గుంతల నీళ్లు పైకి వచ్చి అంచు దాటినయి. ఉడికిన దాంట్ల ఎట్ల పోసినయి అట్లనే ఉన్నయి.

"చూశావా ఎస్తేరమ్మా, ఇది బతికి ఉంది, ఏది లోపలికి రానివ్వాలో దానికి తెలుసు. దాన్ని నువ్వు ఉడకబెట్టి చంపావు" అన్నది పిల్లలందరి ముందల. పిల్లలు ఒకటే నవ్వుడు. నాకు తల తీసేసినట్టయింది. సాయంత్రం ల్యాబు కడుగుతుంటే నా కాడికి వచ్చి, "నువ్వు ఉడకబెట్టకపోయి ఉంటే ఆ రెండోది పెట్టాలని నాకు తట్టేదే కాదు. ఇక నుంచి ప్రతి సంవత్సరం ఒకటి పచ్చిది, ఒకటి నీది" అన్నది. ఆమె రిటైరయ్యే దాక ప్రతి ఏడు ఒక ఆలుగడ్డ ఉడకబెట్టి తెచ్చుడు నా డ్యూటీ అయింది. మీ అందరికి యాదికుండాలె. "ఆయమ్మ దుంప" అనేటోళ్లు మీరు.

ఇంకొకటి. మీరు ద్రవాభిసరణం అనే మాట నోరు తిరగక పరేషాన్ అయితుండె. ఒకడు ద్రవాభిషేకం అన్నడు. ఆనాడు నేను దర్వాజ కాడ చీపురు పట్టుకోని నిలబడ్డ. టీచరమ్మ కిస్మిస్ పండ్లు నీళ్లల్ల వేసి చూపిస్తున్నది, అవి ఉబ్బినయి. ఉబ్బినవాటిని తీసి ఉప్పు నీళ్లల్ల వేసింది, ముడుసుకపోయినయి. లోపటికి పోతే ఒక పెద్ద పేరు, బయటికొస్తే ఇంకొక పెద్ద పేరు చెప్పమంటున్నది. ఒక్కరికి వస్తలేదు. నాకు పానం ఆగలే.

"గంత పెద్ద మాటలెందుకు టీచరమ్మా? నీళ్లు లోపటికి పోతె నానుడు. బయటికి వస్తె ఊరుడు. గంతే గదా!"

క్లాసంత నా దిక్కు మళ్లింది. నా మీద కోపానికి వస్తదనుకున్నరు. ఆమె చేతిల సుద్దముక్క ఆగింది.

"ఏదీ, మళ్లీ చెప్పు."

"శనగలు నీళ్లల్ల ఏస్తె ఏమైతయి? నానుతయి. లావైతయి. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడ్తె ఏమైతది? ఊరుతది. తెల్లారి సూస్తె గిన్నె నిండ ఊట. ముక్క సన్నగైతది. ఆ నీళ్లు మనం పోసినమా? ముక్కలకెంచి వచ్చినయి."

"మరి ఊరిన ముక్క ఉప్పగా ఎందుకు ఉంటుంది?"

"నీళ్లు బయటికొస్తె ఉప్పు లోపటికి పోతది గదా. గది తెల్వదా నీకు?"

పిల్లలు నోళ్లు తెరిచిన్రు. టీచరమ్మ బోర్డు దిక్కు తిరిగి ఒక దిక్కు నానుడు అని, ఒక దిక్కు ఊరుడు అని రాసింది. ఏం రాసిందని నేను అడిగితే చదివి చెప్పింది. "మా ఇంట్లో అమ్మ ప్రతి వేసవిలో ఊట అనే మాట అంటూనే ఉంది. నేనే వినలేదు" అన్నది. ఆ నాడు పరీక్షల ఎవరన్న పెద్ద పేరు మర్సిపోతే ఊరుడు అని రాసినా మార్కు వేస్త అన్నది. పై ఆఫీసరు వచ్చి నోటుబుక్కులు చూసి ఇదేంది అంటే, "ఇది మా ఆయమ్మ చెప్పిన పాఠం, మీరు ఆమెతో మాట్లాడండి" అన్నది. ఆయన నా దిక్కు చూసిండు, నేను ఆయన దిక్కు చూసిన. నోటుబుక్కులు ఆడనే పెట్టి పోయిండు.

ఆమెను నేను నువ్వు అనే అంటుంటి. మా దిక్కు మాట అంతే. ఒకనాడు హెడ్‌మాస్టరు "టీచరును మీరు అనాలె" అని నన్ను గట్టిగ అన్నడు. "దేవుణ్ణే నువ్వు అంట సారు, ఈమెను మీరంటనా?" అన్న. ఆమె వెనక నిలబడి ఇన్నది. ఆ తర్వాత ఎప్పుడన్న నేను భయపడి మీరు అంటే పలికేది కాదు. "మీరు అనడానికి ఊరంతా ఉన్నారు" అనేది. గిప్పుడు సునీతను నువ్వు అంట, కొడుకును నువ్వు అంట. అది వేరే. సరిసమానంగ కూసోని నువ్వు అంటే నువ్వు అనే మనిషి నాకు ఇంకొకరు లేరు.

ఆమెకు ఒక అలవాటు. సుద్దముక్క అరిగి గోరంతయ్యే దాక రాసేది, ఆ గోరంత ముక్కను పారెయ్యకుండ చీర కొంగుల ముడేసేది. ఎన్ని ముడులున్నయో ఆమెకే తెల్వదు. ఇంటికి పోయి విప్పితే పరుపు మీద తెల్లగ పొడి. ఇంకొక అలవాటు, ఏదన్న రుచి చూసేముందు వాసన చూసుడు. నేను బువ్వల డబ్బ మూత తీస్తే ఆ మూలకు కూసున్న ఆమె వేళ్లు మడుస్త లెక్కపెట్టేది. "పద్నాలుగు. నీ తొక్కు నా దాకా రావడానికి పద్నాలుగు పట్టింది. ఎండాకాలం కదా, తొందరగా వచ్చింది" అనేది. వాసన గూడ నడుచుకుంట వస్తదని, ఎక్కువ ఉన్న కాడికెంచి తక్కువ ఉన్న కాడికి వస్తదని నాకు గట్ల తెలిసింది.

మీతోని ఆడించిన ఆట మర్సిపోయిన్రా? నన్ను ల్యాబు దర్వాజల నిలబెట్టి "ఈమె పొర" అనేది. మీల కొందరు నీళ్లు, కొందరు ఉప్పు. నీళ్లోళ్లు ఉప్పు ఎక్కువున్న దిక్కుకు ఊరికెనే ఉరికేటోళ్లు, నేను అడ్డం పడొద్దు. ఉప్పోళ్లు లోపటికి జొరబడితె నేను రెక్క పట్టి ఒక్కొక్కరిని బయటికి నూకాలె. నూకి నూకి నాకు ఆయాసం వచ్చేది. "ఆయమ్మకు చాయ్ ఇస్తేనే తోడుతుంది" అని ఫ్లాస్కుల చాయ్ పోసి ఇచ్చేది.

"గిట్ల ఎంతసేపు నూకాలె టీచరమ్మా?"

"మన ఒంట్లో ప్రతి కణంలో ఇదే పని జరుగుతోంది ఎస్తేరమ్మా. నిద్రలో కూడా ఆగదు. మనం తిన్న అన్నంలో మంచి వాటా దీనికే పోతుంది."

"బోరు మోటరు లెక్క. మరి కరెంటు పోతె?"

"కరెంటు పోతే అంతే."

ఆమె రిటైరైనంక నాలుగేండ్లకు నేను గూడ పని మానేసిన. ఆమె ఫ్లాటు మా ఇంటికి పది నిమిషాల నడక. ప్రతి ఆదివారం చర్చి అయినంక సక్కగ అక్కడికే పోతుంటి. ఆమెకు పూజ లేదు, ప్రార్థన లేదు. "ఇవాళ మీ పాస్టరు ఏం చెప్పారు?" అని అడిగేది, చెప్తే శ్రద్ధగ వినేది. ఎనుక, దాంట్ల తప్పులు వెతికేది. నేను కొట్లాడేదాన్ని. గా కొట్లాట కోసమే నేను వాక్యం మంచిగ ఇనుడు షురూ చేసిన.

రెండేండ్ల కింద ఆమె కాళ్లు ఉబ్బుడు మొదలైంది. గుండె సరిగ కొడ్తలేదు, ఒంట్ల నీళ్లు నిలుస్తున్నయి అన్నడు డాక్టరు. ఉప్పు తగ్గించాలె, నీళ్లు కొలుసుకోని తాగాలె అన్నడు. పెద్ద కష్టం తొక్కు కాడ వచ్చింది. ప్రతి ఎండాకాలం నేను అల్లం ఎల్లిపాయ తొక్కు పెట్టి ఆమెకు ఒక జాడీ ఇస్తుంటి. ఆమె దాన్ని ఆవకాయ అనేది. ఆవపిండి లేకుంట ఆవకాయ ఏంది అని నేను అంటుంటి. ఆ ఏడు జాడీ పట్టుకపోతే చేతితోని ఆపింది. "ఉప్పు ఎక్కడుంటే నీళ్లు అక్కడికి పోతాయి. ఇప్పుడు ఆ కిస్మిస్‌ని నేనే" అన్నది, కాళ్లు చూపించి.

నాకు నిద్ర పట్టలే. మల్ల ఆదివారం నాటికి నాలుగు ముక్కలు తీసి నల్లా కింద ఏడుసార్లు కడిగి, తెల్లగ చేసి పట్టుకపోయిన. ఆమె నాలిక కొసకు తగిలించి వెంటనే తీసేసింది.

"పైపైన కడిగావు. లోపలికి పోయిన ఉప్పు నల్లా కింద పోతుందా?"

"మరెట్ల పోతది?"

"నువ్వే చెప్పాలి. పాఠం నీది కదా."

జర సేపు కూసోని ఆలోచన చేసిన. ఉప్పు ఎక్కువున్న కాడికెంచి తక్కువున్న కాడికి వస్తది. అంటే ముక్కలను మంచినీళ్లల్ల నానబెట్టాలె. నీళ్లు ఉప్పగైతె పారబోసి కొత్తవి పొయ్యాలె. ఆమె తల ఊపింది. "ముక్క చచ్చి చాలా రోజులైంది కదా, తలుపులేమీ మిగల్లేదు. అడ్డం పడేవాళ్లు లేరు, వచ్చేస్తుంది" అన్నది. ఆమె ఇంట్ల వంటచేసే పద్మ, నేను కలిసి రెండు రోజులు గదే పని. ఫ్రిజ్‌ల గిన్నె, పూటకు రెండుసార్లు నీళ్లు మార్చుడు. పారబోసే ముందు నేను ఒక చెంచ నోట్లె పోసుకోని చూసుడు. ఎప్పుడైతె నీళ్లు సప్పగ వచ్చినయో అప్పుడు ముక్క తీసినం. మంచిగ ఉబ్బింది, పాలిపోయింది. చింతగింజంత కోసి ఆమె నాలిక మీద పెట్టిన.

ఆమె కండ్లు మూసుకోని చాన సేపు నమిలింది.

"ఎస్తేరమ్మా, దీనికి ఒళ్లు మాత్రమే మిగిలింది. ఆత్మ పోయింది."

"అయితె పాస్టరును పిలిపించి బొందపెడ్దమా?"

ఆమె నవ్వింది సూడుండ్రి, నవ్వి నవ్వి దగ్గొచ్చి, పద్మ వీపు రాయవలసి వచ్చింది. ఆ నవ్వు ఇంకొక్కసారి ఇందామని నేను ఆదివారాలు కిందిమీద పడ్డ. మళ్ల గంత నవ్వు రాలే.

ఈ ఎండాకాలం ఆమెనే ఫోను చేయించింది. తొక్కు పెట్టినవా అని. పెట్టిన అన్న. "చిన్న సీసాలో పోసి తీసుకురా. తినను. వాసనకి ఉప్పు లేదు" అన్నది. నేను పద్మను అడిగిన, సునీతను అడిగిన. వాసన చూస్తే ఏం కాదన్నరు. ఒక సీస నిండ, మూతి దాక తొక్కు నింపి, పైన నూనె నిలబడేటట్టు చేసి తీసుకపోయిన. ఆదివారం నేను పోంగనే ఫ్రిజ్‌లకెంచి సీస తీసి, కిటికి కాడ మూత విప్పుడు. ఆమె మంచం మీద పండుకోని వేళ్లు మడుసుడు. తొమ్మిది అనేది, పదకొండు అనేది. ఒకనాడు ఇరవై దాటినా ఆమె ఏం అనలే. ముక్కు బందైందేమో అనుకోని సీస దగ్గెరికి పట్టుకపోయిన. "వచ్చింది, ఎప్పుడో వచ్చింది. నువ్వు మూత పెట్టేస్తావని చెప్పలేదు" అన్నది.

అగో, ఆ సీస గురించే మీ పంచాయితి.

ఇప్పుడు చెప్పేది పద్మకు గూడ మొన్నటి దాక తెల్వదు. ఆఖరు ఆదివారం నేను పోయేటాళ్లకు ఆమె దిండ్లకు ఒరిగి కూసున్నది. పండుకుంటే ఊపిరి ఆడ్తలేదట. నేను సీస తీసి కిటికి దిక్కు పోతుంటే పిలిచింది.

"ఇవాళ వాసన వద్దు. ఒక్క ముక్క పెట్టు. కడిగింది కాదు, అసలుది."

"వద్దు టీచరమ్మా."

"ఒక్క ముక్క."

"నువ్వే గదా చెప్పినవ్, ఉప్పు ఎక్కడుంటె నీళ్లు అక్కడికి పోతయని."

"చెప్పాను. చెప్పినవాళ్లకి నోరు ఉండదా?"

"డాక్టర్ను అడిగి వచ్చే ఆదివారం పెడ్త."

"ఆయన మూడు పూటలా ఉప్పు తింటున్నాడు. ఆయనకేం తెలుసు?"

నేను సీసను రొమ్ముకు పట్టుకోని నిలబడ్డ. ఆమె నా దిక్కు చూసింది. ఆరో తరగతి పిల్ల చూసినట్టు చూసింది. నేను మెత్తబడితే అయిపోతదని నాకు తెలుసు. కొంగు చేతికి చుట్టుకోని మూత ఎంత బలం ఉంటే అంత బలంతోని బిగిచ్చిన. ఆమె వేళ్లల్ల సత్తువ లేదు. నేను పోయినంక తీసుకుంటదేమోనని గట్ల బిగిచ్చిన. ఆమె చూసుకుంటనే ఉన్నది. నేను సీస ఫ్రిజ్‌ల పెట్టి వచ్చేటాళ్లకు మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. "గట్టి పొరవి ఎస్తేరమ్మా నువ్వు" అన్నది. కోపంగ అన్నదో, మెచ్చుకోని అన్నదో, గోడ దిక్కు ఉన్న మొఖంల నాకు కనబడలే. గురువారం దవాఖానకు తోలుకపోయిన్రు. నేను పెడ్త అన్న ఆదివారం నాటికి ఆమె దవాఖానలనే ఉన్నది.

నేను పెట్టినందుకు ఏడుస్తున్ననని మీరు అనుకుంటున్నరు. పెట్టనందుకు ఏడుస్తున్న. ఎట్లాగు నాలుగు రోజులల్ల దవాఖాన, తొమ్మిది రోజులల్ల కాటికి పోయే మనిషి. ఒక్క ముక్క నోట్లె పెడితే ఏమయ్యేదని పొద్దున లేస్తే నన్ను నేను అడుగుతున్న. పెడితే ఆ ముక్కతోనే పోయిందని జీవితమంత ఏడుస్తుంటినేమో. అది గూడ తెలుసు. తెలిసినా నోట్లె బువ్వ దిగుతలేదు. మా ఇంట్ల జాడీకి జాడీ అట్లనే ఉన్నది, మూత తియ్యలే.

మంగళవారం నేను పోయేటాళ్లకు ఆమెను అపార్ట్‌మెంటు కింద బండ్లు పెట్టే కాడ పండబెట్టిన్రు. సన్న వాన పడ్తున్నది. గేటు కాడ ఆమె తమ్ముని భార్య నిలబడి ఉన్నది. చేతిల సీస. వచ్చినోళ్లందరికి చూపిస్తున్నది.

"నువ్వు లోపలికి రావద్దు. ఉప్పు వద్దని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుంటే, దొంగతనంగా ఇది తెచ్చి పెట్టావు. మా వదినని చంపావు."

నాకు నోరు లేదనుకుంటున్నరా? ఆ నోరుతోనే ఇరవై ఆరేండ్లు బడిని నడిపిచ్చిన. సీస మూత తీసి సూడమ్మ, నేను నింపిన కాడికి నూనె ఉన్నదో లేదో అని అందామని నోరు తెరిచిన. ఆమె తమ్ముడు ముందుకు వచ్చి నాకు రెండు చేతులు జోడించిండు. "ఇప్పుడు కాదమ్మా, దయచేసి వెళ్లండి" అన్నడు. ఆయన కండ్లు ఎర్రగున్నయి. అక్కను పోగొట్టుకున్న మనిషి చేతులు జోడిస్తే ఇంకేం మాట్లాడుతం? శవం ముందల కొట్లాట పెట్టుకోవద్దని నేను నోరు మూసుకున్న. మీలనే పది పన్నెండు మంది అక్కడ ఉన్నరు. నన్ను చూసిన్రు. ఒక్కరు ఇటు రాలే. ఆమె మొఖం చూపియ్యలే నాకు. ముప్పై ఏండ్ల సంది చూసిన మొఖం.

గందుకే చెప్తున్న, ఇనుండ్రి. ఆ సీస నిండ ఉండె. దాంట్లకెంచి ఒక్క ముక్క పోలే. నేను లేనప్పుడు ఆమె తిన్నదా అంటే, పద్మ మూత తియ్యబోతె రాలేదట, సోమవారం నాడు. టీచరమ్మనే ఆమెను అడిగిందట, మూత తీసి కిటికి కాడ పెట్టుమని. ఎంత తిప్పినా రాలేదట. ఈ మాట పద్మ నాకు మొన్న చెప్పింది, చెప్పి ఏడ్చింది. సోమవారం ఆమెకు వాసన గూడ దొరకలే. అది గూడ నా చేతుల బిగువే. నా తప్పు గిది. ఉప్పు తినబెట్టిన తప్పు నేను చెయ్యలే.

మీరు నాకు కుర్చి వెయ్యొద్దు, శాలువ కప్పొద్దు. మీ ఫోన్లల తిరిగే ఆ ఒక్క మాటను తీసెయ్యుండ్రి. బోర్డు మీద నా మాట రాసిన మనిషిని నేను చంపిన అని, ఆ బోర్డు ముందల కూసోని రాసుకున్న పిల్లలే అనొద్దు. అంటరా, నాచారం వచ్చి నా ముందల అనుండ్రి.

గేటు కాడికెంచి నేను ఇంటికి పోలే. గోడకు ఒరిగి నిలబడ్డ. వచ్చినోళ్ల చెప్పులన్ని అక్కడనే, వానల, ఒకదాని మీద ఒకటి. వాటి నడుమ ఆమె చెప్పులు కనబడ్డయి. దవాఖానకు పోయే నాడు పద్మ కిందికి పట్టుకొచ్చిందట, ఉబ్బిన కాలికి ఎక్కలేదట, అక్కడనే గోడ పక్క ఇడిసిపెట్టి కారెక్కిచ్చిన్రట. ఐదు రోజుల సంది అక్కడనే. ఎవరియో ఏందోనని తొక్కుకుంట పోతున్నరు. నేను వంగి తీసిన. రెండింటిల నీళ్లు నిండినయి. వంచి పారబోసి, కొంగుతోని లోపట తుడిచి, గేటు గోడ మీద, వాన పడని కాడ, ఒకదాని పక్క ఒకటి పెట్టిన. మొనలు రోడ్డు దిక్కు. బండి ఆమెను తీసుకోని బయటికి వచ్చి, ఉప్పల్ దిక్కు మళ్లేటప్పుడు గూడ అవి అక్కడ అట్లనే ఉన్నయి.

చెప్పింది మొత్తం సునీత మళ్ల ఒకసారి చదివి ఇనిపించింది. నేను అన్నట్టే ఉన్నది. ఇది నా ఎడమ చేతి బొటనవేలు ముద్ర.

(వేలిముద్ర) ఎస్తేరమ్మ

చూసినోళ్లు, ఇన్నోళ్లు:
సునీత, కోడలు, రాసినామె
పద్మ, టీచరమ్మ ఇంట్ల వంటచేసినామె. సీస మూత రాలేదన్నది నా మాటే.